ఆసు పోసే చెయ్యి

ఈ బస్సులోనూ అమ్మ లేదు. నార్కట్‌పల్లి వైపు నుంచి వచ్చిన బస్సే, తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడుతూ దిగారు, గంపలు, సంచులు, చంకలో పిల్లలు, చివరికి కండక్టరు కూడా దిగి నడుం విరుచుకుంటూ టీకొట్టు వైపు పోయాడు, అమ్మ మాత్రం లేదు. వస్తుందిలే అనుకుని మళ్లీ సిమెంటు బెంచీ మీద కూలబడ్డాను. కూలబడటమే, కూర్చోవడం అనే పని ఈ మధ్య నాకు చేతకావడం లేదు, ఎక్కడ ఆనుకోవడానికి జాగా దొరికితే అక్కడ ఒళ్లు వాలిపోతోంది. కార్తీకం వచ్చినా నల్లగొండకు ఎండ తగ్గలేదు. పైన ఫ్యాను తిరుగుతున్నదో ఆగిపోయిందో చెప్పలేనంత నెమ్మదిగా తిరుగుతోంది. మైకులో ఎవరో ఆమె దేవరకొండ, మిర్యాలగూడ, మళ్లీ దేవరకొండ అంటోంది, ఆమె గొంతులో కూడా నాలాగే ఓపిక అయిపోయింది. ఎదురుగా జామకాయలమ్మే ఆవిడ ఉప్పుకారం డబ్బా మూత తీసి పెట్టి, కాయల మీద ఈగలు వాలకుండా పేపరు ముక్క అటూ ఇటూ ఊపుతోంది. అటూ ఇటూ. అటూ ఇటూ. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. ఈగలు అన్న మాట మనసులోకి రాగానే నా చెవులు వేడెక్కుతాయి.

ఆ రోజు అమరేందర్ సార్ బాటనీ చెబుతున్నారు. ఆయన ఇంగ్లీషులో మొదలుపెడతారు, మా మొహాలు చూసి జాలిపడి తెలుగులోకి దిగుతారు, దిగిన కాసేపటికే మళ్లీ ఎక్కిపోతారు. ఎక్కిపోయినప్పుడు నేను కిందే ఉండిపోతాను. మధ్యాహ్నం క్లాసు, హాస్టల్ సాంబారన్నం కడుపులో బరువుగా ఉంది, నా కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, అది ఎక్కడైనా ఒట్టేసి చెప్పగలను. చెయ్యే నా మాట వినలేదు. కుడిచెయ్యి బల్ల మీంచి లేచి ఒక చివరకు, అక్కడి నుంచి నడిమికి, నడిమి నుంచి ఇంకొంచెం జరిగి మళ్లీ చివరకు పోతోందట, ఆగకుండా, ఎవరో లోపల కూర్చుని తిప్పుతున్నట్టు. తర్వాత నా పక్కన కూర్చునే రూప చెప్పింది. సార్ పాఠం ఆపి చాలాసేపు చూశారట. “ఏమ్మా, ఈగలు తోలుతున్నావా?” అన్నారు. నేను ఉలిక్కిపడి లేచి నిలబడి, “అయిపొయింది సార్, ఇంగొక్క వరుస” అన్నాను. క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. సార్ కూడా నవ్వారు, ఆయన తప్పేం లేదు, నేనైనా నవ్వేదాన్నే. మా క్లాసులో ఇద్దరు హారికలున్నారు. ఆ రోజు నుంచి ఆమె ఉత్త హారిక, నేను ఈగల హారిక.

ఏం చెప్పమంటారు వాళ్లకు? మా ఇంట్లో ఆసు ఉంటుంది, సగం చందమామలా వంగిన చట్రానికి వరసగా మేకులు, ఎదురుగా నడిమిన ఒక్క మేకు, దారాన్ని ఆ నడిమి మేకు నుంచి ఒక్కొక్క మేకుకూ, మళ్లీ నడిమికీ చేత్తో తిప్పుతూ పోవాలి, అట్లా ఆసు పోస్తే తప్ప దారానికి ముడులు కట్టలేము, ముడులు కట్టి రంగులో ముంచితే తప్ప చీర మీద ఏనుగూ రాదు, పువ్వూ రాదు అని చెప్పాలా? నవ్వుతున్న అరవై మందికి ఇదంతా ఎవరు చెబుతారు, అదీ నిద్రలోంచి లేచి. పట్టుదారం కంటికి కనపడదు, చెయ్యే చూసుకోవాలి. అందుకేనేమో చెయ్యికి కన్ను కంటే ఎక్కువ జ్ఞాపకం. మా వాడలో చాలా ఇళ్లలో ఆసు మిషన్లు వచ్చాయి, కరెంటు ఉంటే చాలు, టకటకా అదే పోసేస్తుంది, ఆడవాళ్లు పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటారు. మా ఇంట్లో లేదు. ఎందుకు లేదంటే నేనున్నాను కాబట్టి. అమ్మ భుజం పట్టేసినప్పటి నుంచి ఆసు నాదే అయింది. ఎవరూ నన్ను కూర్చోమనలేదు, ఒక పొద్దు అమ్మ చెయ్యి మీదికి లేవక నడిమి మేకు దగ్గరే ఆగిపోతే, నేనే “జరుగవే” అన్నాను, అమ్మ జరిగింది. అంతే.

రంగాపురం అట, మైకులో ఆమె కొత్త పేరు చదివింది. ఇంకో బస్సు వెనక్కి వచ్చి ప్లాట్‌ఫారానికి ఆనుకుంది, నా ప్రాణం ఒక్కసారి లేచి, బోర్డు చదివి మళ్లీ కూర్చుంది. ఇంటి దగ్గర ఎప్పుడూ అలిసిపోలేదా అంటే అలిసిపోయేదాన్ని, అబద్ధమెందుకు. కానీ ఆ అలసట వేరు. భుజం నొప్పి భుజంలోనే ఉండేది, కాళ్ల తిమ్మిరి కాళ్లలోనే ఉండేది, అన్నం తిని పడుకుంటే పొద్దుటికి సగం పోయేది. ఇక్కడి అలసటకు ఒక జాగా అంటూ లేదు. పొద్దున బాత్రూం ముందు బకెట్టుతో నిలబడ్డప్పుడే మొదలవుతుంది, ముందెవరు, వెనకెవరు, నా బకెట్టు ఎవరు జరిపారు, అడిగితే కొట్లాట, అడగకపోతే ఆ రోజుకు స్నానం లేదు. తర్వాత పప్పులో నీళ్లు, ఉప్మాలో రాళ్లు, అవి ఫరవాలేదు, తినే నోరు మూడు రోజుల్లో అలవాటు పడుతుంది. అలవాటు పడనిది మనుషుల దగ్గర. ఎవరితో మాట్లాడాలి, ఎవరు ఎవరి జట్టు, ఎవరి ముందు నవ్వాలి. మా ఊరి బోరు నీళ్లు తాగి పెరిగిన నా ఈడు పిల్లలకు చాలామందికి పళ్ల మీద గార ఉంటుంది, ఊళ్లో ఉన్నన్నాళ్లూ అది గార అనే తెలియదు, పళ్లంటే అట్లాగే ఉంటాయనుకున్నాం. ఇక్కడికి వచ్చాక నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నాను. మొదటి సెమిస్టర్‌లో నేను బాగా నేర్చుకున్నది అదొక్కటే. ఇంటర్ దాకా తెలుగులో చదివిన కిరణజన్య సంయోగక్రియ ఇక్కడ వేరే పేరు పెట్టుకుని వచ్చింది, తెలిసిన మనిషే కానీ నన్ను గుర్తుపట్టనట్టు పోతోంది. చెవి విని, మనసు దాన్ని తెలుగు చేసుకుని, ఓహో ఇదా అనుకునే లోపల సార్ పేజీ తిప్పేస్తారు. ఏ పనీ చేయకుండా కూర్చుని వినడానికి ఇంత అలిసిపోతారా ఎవరైనా? ఈ మాట ఇంట్లో చెబితే నమ్ముతారా? బాపు పొద్దంతా మగ్గం గుంతలో కాళ్లు ఆడిస్తాడు, ఆయనకు చెప్పాలి, బెంచీ మీద కూర్చుని నాకు ఒళ్లు నొప్పులొస్తున్నాయని.

ఒక్క రోజు మాత్రం అలసట తెలియలేదు. ల్యాబులో ఉల్లిపొర. పలుచగా చీల్చి గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపు కింద పెట్టాలి, అందరి పొరలూ చుట్టుకుపోయాయి, చినిగిపోయాయి, నాది పట్టుగుడ్డంత సాఫుగా పరుచుకుంది. కన్ను పెట్టి చూస్తే గోడకు గోడ ఆనించిన గళ్లు, గళ్లు, గళ్లు, ఎక్కడా దారి తప్పకుండా. ఊపిరి పీల్చడం మరిచిపోయి చూశాను. మేడమ్ వచ్చి చూసి, మిగతావాళ్లను పిలిచి నా పొర చూపించారు, “నీ చెయ్యి బాగుందమ్మా” అన్నారు. ఆ మాటకు నాకు రాత్రి దాకా ఆకలి కాలేదు. ఎవరికీ చెప్పలేదు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా చెప్పలేదు. ఉల్లిగడ్డ పొట్టు తీస్తే మెచ్చుకున్నారని చెబితే అమ్మ నవ్వుతుంది. అట్లాంటి రోజులు రోజూ ఉంటే ఉండేదాన్నే. తెల్లారి మళ్లీ పాఠం, మళ్లీ పేజీ, మళ్లీ ఈగలు.

దసరాకు ఇంటికి పోతే సెలవుల్లో నిద్రపోవచ్చనుకున్నాను. బస్సు దిగి ఇంట్లోకి పోయేసరికి ఆసు చట్రం గోడకు ఆనించి ఉంది, మేకుల మీద సన్నగా దుమ్ము. మా ఇంట్లో ఆసు మీద దుమ్ము నేను ఎప్పుడూ చూడలేదు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. దాని తర్వాత ఎక్కించడానికి దారం లేదు, ఆసు ఆగితే ముడులు ఆగుతాయి, ముడులు ఆగితే మగ్గం ఆగుతుంది, ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. బాపు “బస్సు దొరికిందా” అన్నాడు, అంతే. నేను కాళ్లు కడుక్కుని చట్రం దుమ్ము తుడిచి కూర్చున్నాను. ఉన్నన్నాళ్లూ పోశాను, బతుకమ్మ ఆడే పొద్దు కూడా చీకటి పడేదాకా పోసి, చేతులు కడుక్కుని ఉరికాను. అమ్మ నా వెనకే తిరిగింది, చాయ్ ఇచ్చి, నూనె తెచ్చి భుజానికి రాసి, “చాలు తియ్యే” అంటూ. నాకు హాయిగా ఉండింది, అదే చెప్పాలి. చెయ్యికి పని తెలుసు, నేను ఆలోచించక్కర్లేదు. ఎవరూ నా పేరు పిలిచి లేచి నిలబడమనరు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వెక్కి వెక్కి ఏడ్చాను, పక్కనావిడ ఎవరో పోయారనుకుని నీళ్ల సీసా ఇచ్చింది.

మొన్న ఆదివారం ఫోన్ చేసి చెప్పేశాను. హాస్టల్ వెనక, బట్టలు ఆరేసే తీగల మధ్య నిలబడి, తడి చున్నీలు మొహానికి తగులుతుంటే, “అమ్మా, నేనిగ ఈడ ఉండ. ఇంటికొస్త. నీ భుజం గట్లుంటె ఆసు ఎవ్వరు పోస్తరే? డిగ్రీ ఇంటికాడుండి కూడ కట్టచ్చట, అడిగిన” అన్నాను. అడిగానన్నది అబద్ధం, ఎవరినీ అడగలేదు. అమ్మ వెనక మా వాడ చప్పుళ్లు వినిపిస్తున్నాయి, ఎవరిదో మగ్గం, ఎవరిదో కుక్క. తర్వాత, “శనారం దాక ఆగు బిడ్డా. నేనే వస్త” అంది. వద్దనలేదు. తిట్టలేదు. ఎందుకు అని కూడా అడగలేదు. అంటే తీసుకుపోవడానికే వస్తోంది. లేకపోతే ఎప్పుడూ ఒంటరిగా బస్సెక్కని మనిషి ఎందుకు బయలుదేరుతుంది? శనివారం దాకా ఈ ఒక్క మాట పట్టుకుని క్లాసులన్నీ దాటేశాను. కనపడిన ప్రతిదాన్నీ ఇదే ఆఖరుసారి అనుకుంటే కొంచెం ఓర్చుకోగలిగాను, సాంబారును కూడా.

అమ్మ భుజం కోసం పోతున్నానా? అదే అంటున్నాను, అందరికీ అదే చెబుతాను. అబద్ధం కాదు. కానీ ఆ భుజం బాగుండి ఉంటే ఇంకేదో వెతుక్కునేదాన్నని నాకు తెలుసు. ఈ మాట ఎవరికీ వినపడకుండా నాలోనే అనుకుంటుంటే కూడా సిగ్గుగా ఉంది. రూపకు తెలుసు. రూప నా పక్క మంచం, హాలియా పిల్ల, వాళ్ల నాయిన యోహాను కరెంటాఫీసులో పని చేస్తాడు. పొద్దున్నే అందరికంటే ముందు లేచి దుప్పటి తల మీద కప్పుకుని ప్రార్థన చేసుకుంటుంది. ఒక రోజు దుప్పటిలోంచి “ఆండాళమ్మ భుజము” అని వినిపించింది, మా అమ్మను ఎప్పుడూ చూడలేదు, అయినా రోజూ ఆ భుజాన్ని దేవుడికి గుర్తు చేస్తోంది. పొద్దున నేను పెట్టె సర్దుతుంటే మంచం మీద కూర్చుని చూసింది. “మీ అమ్మ భుజానికి ప్రార్థన జేస్తున్న గదనే, మరి నువ్వెందుకు పోవుడు?” అంది. నేను పెట్టె మూత నొక్కి గొళ్లెం పెట్టాను. “నీకు నీ భయానికి సుత చెయ్యాల్నా? జెప్పు, చేస్త. ఒక్క నిమిషం ఎక్కువైతది, అంతే” అంది. కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వేశాను. “నువ్వు పోతె నీ మంచమ్మీదికి ఇంకెవతో వస్తది. అది గురక పెడితె నీ మీదనే పడ్తది పాపం” అంది. గేటు దాకా వచ్చింది, చెయ్యి ఊపలేదు.

ఇంకో బస్సు. లేదు. బస్సు నిండా బడిపిల్లలే. ఇప్పుడు భయం మొదలైంది. మా ఊరికి దగ్గరి చౌటుప్పల్ నుంచి నేరుగా వచ్చే బస్సులు తక్కువ. నార్కట్‌పల్లిలో దిగి బస్సు మారాలి, అదొక్కటే కష్టం, ఎన్నిసార్లు చెప్పానో, హైవే మీద బస్సులు నిలబడవమ్మా, సూర్యాపేటవి, విజయవాడవి, అన్నీ ఒక్కలాగే ఉంటాయి, బోర్డు చూడు అని. బోర్డు చూడు అంటాను, అమ్మకు చదువు రాదు. చదువు రాని మనిషికి బోర్డు చూడమని చెప్పే తెలివి నాది. బాపు ఫోన్ తెచ్చుకుంటానంది, చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు, బస్సు రొదలో కొంగున ముడేసి పెట్టుకుని ఉంటుంది. యాదగిరిగుట్టకు పోయినప్పుడు తప్ప అమ్మ బస్సెక్కడం నేను చూడలేదు, అప్పుడు కూడా బాపు చొక్కా చివర పట్టుకుని ఎక్కింది. గుట్ట మీద క్యూలో నిలబడి ముందరావిడ పట్టుచీర కొంగు రెండు వేళ్లతో పట్టుకుని చూస్తోంది, ఆవిడ తిరిగి కసిరితే కూడా వదల్లేదు, “ఇది మన వాడదే, జూడు, ఈ ముడి పెద్దమ్మది” అని నాకు చెబుతోంది. దేవుడి దగ్గరికి వచ్చేసరికి దండం పెట్టడానికి కుడిచెయ్యి లేవలేదు. ఎడమచెయ్యి ఒక్కటే ఎత్తింది. ఒంటిచెయ్యి దండం ఏంటని పూజారి అన్నాడు, అమ్మ నవ్వి, “ఆయినకు ఎరుకే” అంది. ఆ మనిషిని నేను సూర్యాపేట బస్సెక్కించి ఉంటాను. నా కోసం, నేను బెంచీ మీద కూర్చోలేకపోతున్నానని.

కాలేజీలో చేర్చేటప్పుడు పెట్టె మోసుకుని వచ్చింది బాపు. ఆన్‌లైన్‌లో సీటు వచ్చిందని తెలిసిన రోజు వాడంతా చెప్పుకుని తిరిగాడు, సీటు అనేది కుర్చీలాంటిదని, దాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని భయపడ్డట్టు తొందరపెట్టాడు. హాస్టల్ గేటు దగ్గర పెట్టె దించి, “మంచిగ కూసో” అన్నాడు. చదువుకో అనలేదు, కూసో అన్నాడు. నేసేవాళ్లకు అన్నీ కూర్చోవడంతోనే మొదలవుతాయి. ఈ సాయంత్రం నేను మళ్లీ పెట్టెతో దిగితే ఏమంటాడు? ఏమీ అనడు. అదే భయం. అరిస్తే బాగుండు, రెండు రోజులు అలిగి అన్నం మానేసి సరిపెట్టుకోవచ్చు. ఆయన ఊరికే లేచి పెట్టె అందుకుంటాడు, దూలం కింద దాని పాత జాగాలో పెడతాడు, గుంతలోకి దిగుతాడు. నేను ఆసు ముందు కూర్చుంటాను. వాడలో వాళ్లు నాలుగు రోజులు అడుగుతారు, తర్వాత మానేస్తారు. అంతా ముందులాగే ఉంటుంది. ముందులాగే ఉంటుందన్న మాట తలుచుకుంటే ప్రాణానికి చల్లగా ఉంది. ఆ చల్లదనం వెనకాలే ఉల్లిపొర గళ్లు ఎందుకో కళ్ల ముందుకు వస్తున్నాయి. వద్దు, ఇప్పుడు వద్దు.

“ఓ పిల్లా.”

తల ఎత్తేసరికి అమ్మ ఎదురుగా నిలబడి ఉంది. ఏ బస్సు దిగిందో, ఎప్పుడు దిగిందో, నేను చూస్తూనే ఉన్నాను, అయినా చూడలేదు. చేతిలో గుడ్డసంచి, కొత్త చెప్పులు, కాలి వేళ్ల మధ్య తోలు ఒరుసుకుని ఎర్రగా అయింది. జడ చూస్తే నవ్వొచ్చింది, చెవి పక్కకు పోయి, తాడు పేనినట్టు గట్టిగా బిగిసి ఉంది.

“ఎవ్వలల్లిండ్రే గిట్ల?”

“ఇంకెవ్వలు, మీ బాపు. నా చెయ్యి మీదికి పోదాయె. ముడులు గట్టే చెయ్యి గద, గుంజి గుంజి అల్లిండు, తల నొస్తాంది” అంటూ పక్కన కూర్చుంది. “నార్కట్‌పల్లిల ఒగాయినను అడిగితె సూర్యాపేట బస్సు జూపిచ్చిండు. ఎక్కి కూసున్న. కండక్టరు మంచోడు, ఆధార్ కార్డు జూసుకుంట యాడికమ్మా అన్నడు. నల్లగొండ అన్న. దిగు దిగు అని బస్సాపిండు. మళ్ల ఎండల ఎన్కకు నడిసొచ్చిన.” ఏదో ఘనకార్యం చెబుతున్నట్టు చెప్పింది. నిజంగానే ఘనకార్యం. “తిన్నవా?”

“తిన్న” అన్నాను. “పోదామా?”

“యాడికి?”

“ఇంటికి.”

అమ్మ నా పెట్టె వైపు చూసింది, నా వైపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. “జర ఆగు. ఒక ముచ్చట జెప్పాలె. ఫోన్ల జెప్పేది గాదు.”

“బాపుకేమన్నయిందా?”

“బాపుకేం గాలె, మంచిగనే ఉన్నడు. మగ్గం గుంత పూడ్చినం.”

విన్నాను. మాటలన్నీ తెలుగే, అన్నీ తెలిసినవే, అయినా అమరేందర్ సార్ ఇంగ్లీషులా మీద నుంచి పోయాయి. మగ్గం గుంత పూడ్చడం అంటే ఏమిటి, గుంత ఇంటి నడిమిన ఉంటుంది, ఇల్లే దాని చుట్టూ ఉంటుంది, వంటిల్లు అటు, మంచాలు ఇటు, దాన్ని పూడుస్తే ఇంట్లో ఇంకేం మిగులుతుంది? “బేస్తారం మట్టి దెప్పిచ్చినం” అమ్మ చెబుతోంది. “మగ్గమ్మీదున్న చీరె నేసి దించిండు మీ బాపు. మగ్గం కట్టెలు మన వాడల పరమేష్ మామ కొండవోయిండు. ఆసు సుత ఇచ్చిన. చౌటుప్పల్ కాడ కంపెనీల వాచ్‌మెన్ పని ఉన్నదని ఎన్నడో పిలిచిండ్రు, సోమారం నుంచి పోతడు.” సంచిలోంచి పేలాల ముద్దలు తీసి నా ఒళ్లో పెట్టింది, మాట్లాడుతూనే. “మట్టి తనే తొక్కిండు. నేను అలికిన. అలికినంక ఆరనిచ్చి, చాప సుత ఎయ్యకుండ దానిమీదనే పండుకున్నడు. చల్లగుందే అన్నడు. పొద్దుగూకెదాక లేవలె. నేను లేపలె.”

“నన్ను అడగకుండ ఎట్ల పూడుస్తరే?” నా గొంతు నాకే తెలియకుండా లేచింది, జామకాయలావిడ తిరిగి చూసింది. “నేనొస్తనని జెప్పిన గద! ఆసు పోస్తనని జెప్పిన గద ఫోన్ల!”

“చెప్పినవ్ గద బిడ్డా” అంది అమ్మ. “అందుకే పూడ్చినం.”

కోపంతో వచ్చిన ఏడుపు ఇంకేదో అయిపోయి, ఆపుదామంటే ఆగలేదు. ముక్కు కారుతోంది, పేలాల ముద్ద చేతిలో మెత్తబడుతోంది. ఎంత ద్రోహం అనిపించింది, ఇంత ప్రేమను ఏం చేసుకోవాలో తెలియక ద్రోహం అనుకున్నానేమో. తాత తవ్విన గుంత అది. బాపు తనకు వచ్చిన ఒక్క పనినీ పారతో మట్టి పోసి కప్పేశాడు, నేను దాంట్లోకి తిరిగి దిగకుండా. ఇన్నాళ్లూ పాఠం అర్థం కానప్పుడల్లా, ఎవరైనా ఈగలు అన్నప్పుడల్లా, పోతాలే ఇంటికి అనుకుని ఊపిరి తీసుకున్నాను. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఇల్లుంది, బాపు వాచ్‌మెన్ చొక్కా తొడుక్కుని బయలుదేరే ఇల్లు, అలికిన నేల ఉన్న ఇల్లు. అక్కడికి పోయి నేనేం చెయ్యాలి? అమ్మ ఎడమచేత్తో నా మొహం తుడిచింది, కొంగు నిండా బస్సు పొగ వాసన. తను ఏడవలేదు. ఏడ్చే పని ఆ గురువారమే అయిపోయినట్టుంది.

“ఏం జెయ్యనే మరి?” అన్నాను చివరికి.

“నాకేమెరుక? నేను సదువుకున్ననా?” అంది. తర్వాత చెప్పుల్లోంచి కాళ్లు బయటికి తీసుకుని, “ఈ రాత్రికి మీ హాస్టల్ల పండనిస్తరా? పొద్దుగాల పోత. తొందరేం లేదు. ఇంట్ల పనేం లేదు గద” అంది.

ఇంట్లో పని లేదన్న మాట అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. తనూ మొదటిసారి అన్నట్టుంది, అన్నాక కాసేపు ఆ మాట వైపే చూస్తున్నట్టు ఊరుకుంది. అడుగుతానన్నాను, వార్డెన్ మేడమ్ మంచిదే, ఒక్క రాత్రికి ఏమనదు, రూప మంచం జరుపుతుంది అన్నాను. అమ్మ ఊ కొట్టింది. రెండోసారి ఊ కొట్టలేదు. చూస్తే కళ్లు మూసుకుపోయాయి. పొద్దున లేచి ఎన్ని బస్సులెక్కి, ఎంత ఎండలో వెనక్కి నడిచి వచ్చిందో, ఆ వంకర జడ తల మెల్లగా జారి నా భుజానికి ఆనింది. పగటి పూట అమ్మ నిద్రపోవడం నాకు తెలియదు. నోరు కొంచెం తెరుచుకుంది, ఊపిరి నా మెడకు తగులుతోంది. నా ఒంట్లో అలసట ఎక్కడికీ పోలేదు, ఉంది, కానీ ఇప్పుడు అది పక్కకు జరిగి అమ్మకు కూడా జాగా ఇచ్చింది.

మైకులో ఆమె చౌటుప్పల్ అంది. మా ఊరి వైపు పోయే బస్సే, ప్లాట్‌ఫారం మీదికి వెనక్కి వచ్చి ఆగింది. జనం ఉరికారు, కిటికీల్లోంచి సంచులు, చేతిరుమాళ్లు విసిరి సీట్లు ఆపుకున్నారు. కండక్టరు తలుపులో వేలాడుతూ “చౌటుప్పల్, చౌటుప్పల్, ఇంకెవరన్న ఉన్నరా?” అని నా వైపే చూసి అరిచాడు. నేను తల అడ్డంగా ఊపాను, గట్టిగా ఊపితే అమ్మ లేస్తుందని మెల్లగా ఊపాను. బస్సు వెళ్లిపోయింది.